దొడ్డిదారిన వచ్చిన పేజీ

భీమవరంలో రొయ్యల చెరువుల నీళ్లు పరీక్షించే ఒక ల్యాబ్‌లో హేమసుందర్ అనే ప్రోగ్రామర్ ఉండేవాడు. చెయ్యి మహా చురుకు, కానీ నలుగురూ నడిచే దారిలో నడవమంటే మాత్రం అతనికి ఎక్కడలేని కాళ్లనొప్పులూ వచ్చేవి.

నేను ఆ ల్యాబ్‌లోనే కౌంటర్ దగ్గర కూర్చుని, రైతులు తెచ్చిన నీళ్ల సీసాల మీద నంబర్లు అంటించేదాన్ని. నాకు కంప్యూటర్ చదువు లేదు. పన్నెండేళ్లు ఒకే గదిలో కూర్చుంటే గోడలక్కూడా కొంత తెలుస్తుంది కదా, నాకూ అంతే తెలిసింది. తెలిసినంతవరకే చెబుతాను. పిల్లలూ, మీకు అర్థం కాకపోతే తప్పు నాది, మధ్యలో నిద్రపోతే మాత్రం తప్పు మీదే.

సంగతేమిటంటే, నీళ్లు పరీక్షించాక ఫలితం రైతుకి ఫోన్‌లో ఒక పేజీగా కనిపించేది. సీసా నంబరు కొడితే చాలు, వచ్చేసేది. ఆ పేజీని ఎవరూ కూర్చుని రాయరు. ఖాళీలు వదిలిన అచ్చు ఒకటి ముందే తయారుగా ఉంటుంది. దాన్ని టెంప్లేట్ అంటారు. ఆ ఖాళీల్లో రైతు పేరు, అమ్మోనియా ఎంత, ఉప్పు ఎంత అని నింపి పేజీ చేసి పెట్టేదాన్ని టెంప్లేట్ ఇంజిన్ అంటారు. మా ల్యాబ్‌లో అలాంటి ఇంజిన్లు రెండుండేవి. పాత అచ్చులకి పాతది, కొత్త అచ్చులకి కొత్తది. ఒకదాని అచ్చు ఇంకోదానికి ఇస్తే పేజీ నిండా పిచ్చిగీతలే వచ్చేవి.

ఈ రెండింటినీ సర్దడానికి సుభాషిణి గారు ఒక ప్లగిన్ పెట్టారు. సుభాషిణి గారంటే మా కంప్యూటర్ విభాగానికి పెద్ద. పెళ్లింట్లో సామానుకొట్టు తాళాలు బొడ్లో దోపుకుని తిరిగే పెద్దత్తయ్య ఉంటుంది చూడండి, ఆ ప్లగిన్ అలాంటిది. పప్పు కావాలన్నా, చక్కెర కావాలన్నా ఆవిణ్ణే అడగాలి. ఏ అచ్చు ఏ ఇంజిన్‌కి వెళ్లాలో ప్లగినే చూసుకునేది. అన్ని పేజీల్లోనూ కనబడాల్సిన మాట ఏదైనా ఉంటే ఒక్కచోట రాస్తే చాలు, మిగతా పేజీలన్నిటికీ అదే పంచేది. అచ్చు మారినప్పుడు “పాతది మరిచిపో” అని ఒక్క ఆజ్ఞ ఇస్తే వెంటనే మరిచిపోయేది.

“ఎవరు ఏ పేజీ చేసినా ప్లగిన్ లోంచే పోవాలి. ఒక్కటి బయట ఉందంటే ఆ ఒక్కటే మన కొంప ముంచుతుంది” అని ఆవిడ వారానికోసారి చెప్పేవారు.

హేమసుందర్ బుద్ధిగా తల ఊపేవాడు. ఆవిడ అటు తిరగ్గానే, “ముక్కు పట్టుకోవడానికి చెయ్యి తలచుట్టూ తిప్పాలంటారు ఈవిడ” అని నాతో అనేవాడు. నేను నవ్వేదాన్ని. నవ్వకుండా ఉండాల్సింది.

చెరువు గట్ల మీద సిగ్నల్ అంతంతమాత్రం. మా పేజీ నిండా రంగురంగుల గ్రాఫులు. “మీ పేజీ వచ్చేలోపు మా రొయ్యకి మీసం ఇంకో బెత్తెడు పెరుగుతోందండీ” అని ఒక రైతు కౌంటర్ దగ్గర ఎకసెక్కమాడాడు. ఆ మాట నేను సుభాషిణి గారికి చేరవేశాను. ఆవిడ హేమసుందర్‌ని పిలిచారు.

“గ్రాఫులేవీ లేకుండా, అంకెలూ మాటలూ మాత్రం ఉండేట్టు తేలిక పేజీ ఒకటి చెయ్యి. అచ్చు రాసి, ప్లగిన్‌లో నమోదు చేసి, నేనొచ్చాక చూపించు. తొందరేం లేదు” అన్నారు. ఆ సాయంత్రమే చెల్లెలి కూతురి ఓణీల ఫంక్షన్‌కని వారం రోజులు సెలవు పెట్టి తణుకు వెళ్లారు.

“వారమా? అరగంట పని” అన్నాడు హేమసుందర్. అన్నట్టే అరగంటలో ముగించాడు. ఎలాగంటే, ప్లగిన్‌ని అడగనే లేదు. తిన్నగా ఇంజిన్‌నే పిలిచి పని చేయించుకున్నాడు. అంటే పెద్దత్తయ్యకి చెప్పకుండా కొట్టుగది వెనక కిటికీలోంచి చెయ్యి పెట్టాడన్నమాట. పేజీ ఇంకా వేగంగా రావాలని, ఒకసారి చదివిన అచ్చుని యంత్రం మళ్లీ చదవకుండా అలాగే పట్టుకుని ఉండేట్టు కూడా చేశాడు. పేజీ రివ్వున వచ్చింది. “చూశారా అక్కా?” అని నాకు చూపించాడు. “అబ్బో!” అన్నాను.

రైతులంతా మెచ్చుకున్నారు. అందరికంటే ఎక్కువ మెచ్చుకున్నది నాగరత్నం గారు. యనమదుర్రు కాలువ అవతల ఎకరన్నర చెరువు కౌలుకి తీసుకుని ఒక్కతే సాగుచేసే మనిషి. అద్దం పగిలిన పాత ఫోన్ ఆవిడది. పెద్ద పేజీ అందులో సగం వచ్చి ఆగిపోయేది. తేలిక పేజీ వచ్చాక సీసా నంబరు కొట్టి, గట్టు మీద నిలబడే చదువుకునేది. వరసగా రెండు పంటలు తెల్లమచ్చ రోగంతో తుడిచిపెట్టుకుపోయాయి. మూడోది కూడా చేతికి రాకపోతే చెరువు ఇంకొకరికి ఇచ్చేస్తానని యజమాని ముఖాన్నే చెప్పేశాడు. ఆ చెరువు తప్ప ఆవిడకి ఇంకో ఆధారం లేదు. అందుకే వారానికి రెండుసార్లు సీసా పట్టుకొచ్చేది, మా రిపోర్టులో ఏముంటే అది అక్షరాలా చేసేది.

సుభాషిణి గారు సెలవు నుంచి వచ్చి, “తేలిక పేజీ ప్లగిన్‌లో పెట్టావా?” అని అడిగారు.

“పెట్టానండి” అన్నాడు హేమసుందర్.

సోమవారం నిజంగానే పెట్టేద్దామనుకున్నాడట. ఆ సోమవారం ఎన్నాళ్లకీ రాలేదు. కేలండర్‌లో మాత్రం వారానికొకటి వస్తూనే ఉంది.

ఇలా మూడు నెలలు గడిచాయి. వైశాఖం వచ్చింది. ఎండలు మండిపోతున్నాయి. రెండు రోజుల్లో అమావాస్య. మా వైపు రొయ్య రైతులకి అమావాస్య, పౌర్ణములంటే హడావుడి. ఆ రోజుల్లో రొయ్యలు పైపెంకు విడిచి కొత్త పెంకు తొడుక్కుంటాయి. కొత్త పెంకు గట్టిపడాలని ముందురోజుల్లో చెరువులో సున్నం కలిపిన నీళ్లు చల్లుతారు. తాతల నాటి ఆచారం కాదు గానీ, ఇరవై ఏళ్లుగా అదే అలవాటు. ఎవరూ ఎవర్నీ అడగరు, చల్లేస్తారు.

ఆ ఉదయం మా ల్యాబ్ డాక్టరు రామలింగం గారు సీసాలు చూసి గాభరాపడ్డారు. ఎండకి చాలా చెరువుల్లో అమ్మోనియా బాగా పెరిగిపోయింది. అలాంటి నీళ్లలో సున్నం పడితే ఆ అమ్మోనియా విషంగా మారుతుంది. రొయ్యలు గంటల్లో చచ్చి తేలిపోతాయి.

“సుభాషిణీ, అమ్మోనియా ఎక్కువున్న ప్రతి రిపోర్టు పైనా ఎర్రటి పట్టీలో రాయండి, సున్నం చల్లవద్దు అని. ఇప్పుడే, ఈ క్షణమే” అన్నారు డాక్టరు గారు.

ఎనిమిదిన్నరకల్లా సుభాషిణి గారు ఆ ఎర్ర పట్టీని ప్లగిన్‌లో ఒక్కచోట రాశారు. రాస్తూ, తల తిప్పకుండానే అడిగారు. “అన్ని పేజీలూ ఇందులోంచే వెళ్తున్నాయిగా?”

“అన్నీ వెళ్తున్నాయి మేడమ్” అన్నాడు హేమసుందర్.

“తేలిక పేజీ?”

“అది కూడానండి.”

మాట జారిపోయింది. చెప్పేద్దామా అని ఒక్క క్షణం అనిపించిందట. ఐదు నిమిషాల్లో తనే సరిచేసేస్తే ఎవరికి తెలుస్తుందిలే అని సర్దిచెప్పుకున్నాడట. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతూ తననెవరూ చూడట్లేదనుకుంటుందే, అదీ వరస.

గబగబా తన కుర్చీలోకి వెళ్లి తేలిక పేజీ అచ్చులో ఎర్ర పట్టీ రాశాడు. ఫోన్ తీసి చూశాడు. పట్టీ లేదు. మళ్లీ రాశాడు, మళ్లీ చూశాడు. పాత పేజీయే వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది అతనికి. వేగం కోసమని అచ్చుని యంత్రం పట్టుకుని వదలకుండా చేసింది తనే కదా! ప్లగిన్‌లో ఉన్న పేజీలకైతే పాతది మరిచిపొమ్మని చెప్పే ఆజ్ఞ ఉంది. ఈ పేజీ ప్లగిన్ మాట వినదు. సర్వర్ మొత్తం ఆపి మళ్లీ మొదలుపెడితే తప్ప అది పాత అచ్చుని వదలదు.

సర్వర్ ఆపడం సుభాషిణి గారి ఒక్కరి చేతిలోనే ఉంది. రోజూ మధ్యాహ్నం ఒంటిగంటకి, సీసాల తాకిడి తగ్గాక, ఆవిడ ఓసారి ఆపి మళ్లీ మొదలుపెట్టేవారు. అంటే, ఒంటిగంట దాకా నోరు మూసుకుని కూర్చుంటే చాలు. పేజీ దానంతటదే సర్దుకుంటుంది. మూడు నెలల గుట్టు అలాగే ఉండిపోతుంది. ఎవరికీ తెలియదు.

నేను టీ తీసుకుని అటు వెళ్తే బెల్లం కొట్టిన రాయిలా కూర్చుని ఉన్నాడు. ఎదురుగా కంప్యూటర్‌లో ఓ అంకె. తేలిక పేజీని ఆ ఉదయం ఎంతమంది తెరిచారో చెప్పే అంకె అది. ఇరవై ఒకటి. నేను చూస్తుండగానే ఇరవై రెండు అయింది.

“ఏంటబ్బాయ్, తేలు కుట్టిన దొంగలా ఉన్నావు?” అన్నాను.

అతని కళ్లు ఆ అంకె మీదే ఉన్నాయి. ఇరవై ఆరు. ఇరవై ఏడు. కింద పేర్లు వస్తున్నాయి. ఒక పేరు దగ్గర అతని చూపు ఆగిపోయింది. నాగరత్నం, సీసా నంబరు రెండు వందల పద్నాలుగు. ఆ సీసా మీద నంబరు అంటించింది నేనే. ఆవిడ నీళ్లలో అమ్మోనియా హద్దు దాటిపోయి ఉంది.

హేమసుందర్ లేచాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది, దాన్ని ఎత్తను కూడా ఎత్తలేదు. నేరుగా సుభాషిణి గారి ముందుకెళ్లి నిలబడ్డాడు.

“మేడమ్, నేను అబద్ధం చెప్పాను. తేలిక పేజీ ప్లగిన్‌లో లేదు. మొదట్నుంచీ లేదు. ఎర్ర పట్టీ అందులో పడలేదు. ఇప్పటికి ఇరవై తొమ్మిది మంది చూసేశారు.”

ఆవిడ ముఖం కందగడ్డలా అయిపోయింది. కానీ ఆవిడ గొంతు పెంచలేదు.

“నీకు పెట్టాల్సిన చివాట్లు రేపు పెడతాను, తీరిగ్గా, కడుపునిండా పెడతాను. ముందు ఆ ఇరవై తొమ్మిది మంది పేర్లు తియ్యి” అన్నారు. అంటూనే సర్వర్ ఆపేశారు.

సర్వర్‌తోనే నడిచే పరీక్ష యంత్రాలు కూడా మధ్యలో ఆగిపోయాయి. కౌంటర్ దగ్గర రైతులు గొడవకి దిగారు. నాకూ నాలుగు మాటలు పడ్డాయి. నాలుగు నిమిషాల తర్వాత సర్వర్ మళ్లీ లేచింది. ఈసారి తేలిక పేజీలో ఎర్ర పట్టీ ఉంది. కానీ అప్పటికే చూసి ఫోన్ జేబులో పెట్టుకున్నవాళ్లు మళ్లీ ఎందుకు చూస్తారు?

ఇరవై తొమ్మిది మందిలో పదహారు మంది చెరువుల్లో అమ్మోనియా ఎక్కువుంది. సుభాషిణి గారు, హేమసుందర్, నేను తలా కొన్ని నంబర్లు పంచుకుని ఫోన్లు చేశాం. ఒకాయన “ఇప్పుడే బస్తా మూతి విప్పానమ్మా, నీ నోట్లో చక్కెర పొయ్య!” అన్నాడు. ఇంకొకాయన తిట్టాడు, పడ్డాం. పదిహేను మంది దొరికారు. దొరకని పదహారో మనిషి నాగరత్నం గారు. ఫోన్ స్విచాఫ్. చెరువులో దిగేముందు ఆవిడ ఫోన్ ఆపేసి పాకలో పెడుతుందని నాకు తెలుసు.

“ఆవిడ చెరువెక్కడ?” అన్నాడు హేమసుందర్.

“దారి నాకు తెలుసు, పద” అన్నాను.

అతని బండి వెనక కూర్చున్నాను. కాలువ గట్టు మీద గతుకులకి నా నడుం విరిగినంత పనైంది. నెమ్మదిగా పొమ్మని మాత్రం అనలేదు. నేను నాకు తెలిసిన దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

గట్టు దగ్గర బండి పడేసి పరిగెత్తబోయాడు. “కాళ్లు!” అని అరిచాను. పక్క చెరువు రోగం అంటకుండా, గట్టు ఎక్కేముందు ప్రతివాళ్లూ గులాబీ రంగు మందునీళ్ల తొట్టిలో కాళ్లు ముంచాలి. అది ఆ చెరువుల మీద కట్టుబాటు. తొట్టిని ఒక్క గెంతులో దాటేసినవాడు నా కేకకి గిర్రున వెనక్కి తిరిగాడు. వచ్చి, రెండు కాళ్లూ మడమల దాకా ముంచి, అప్పుడు పరిగెత్తాడు.

చెరువు మధ్యలో తెప్ప మీద నాగరత్నం గారు. ముందు తొట్టెడు సున్నం నీళ్లు. చెంబుతో ముంచి చల్లుతోంది. దక్షిణం వైపు మూలంతా అప్పటికే తెల్లగా అయిపోయింది.

“ఆపండీ! సున్నం ఆపండీ!” అని గొంతు చించుకున్నాం. నీళ్లలో గాలి నింపడానికి చెరువు చుట్టూ ఏరేటర్లు తిరుగుతున్నాయి. ఆ హోరులో ఎవరి మాట ఎవరికి వినబడుతుంది? హేమసుందర్ చొక్కా విప్పి ఊపాడు. ఆవిడ చూసింది. పలకరిస్తున్నాడనుకుని చెయ్యి ఊపి, మళ్లీ చెంబు ముంచింది.

అతను చుట్టూ చూశాడు. గట్టు చివర కరెంటు బోర్డు కనిపించింది. ఒక్క ఉదుటున వెళ్లి మెయిన్ స్విచ్ కిందకి లాగేశాడు.

ఏరేటర్లు ఆగాయి. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. ఏరేటర్ ఆగితే రొయ్య రైతుకి గుండె ఆగినట్టే. నాగరత్నం గారు చెంబు వదిలేసి కెవ్వుమంది. “అయ్యో! కరెంటు పోయిందా? జనరేటర్ వెయ్యండిరా ఎవరైనా!”

“సున్నం చల్లకండమ్మా! అమ్మోనియా ఉంది! చల్లితే చచ్చిపోతాయి!” అని అరిచాడు హేమసుందర్. అరిచి, వెంటనే స్విచ్ పైకి నెట్టాడు. ఏరేటర్లు మళ్లీ తిరిగాయి.

ఆవిడ తెప్ప ఒడ్డుకి తోసుకొచ్చింది. “అదేంటి, మీ పేజీ చూసే కదా చల్లుతున్నాను! అందులో అలాంటి మాటేమీ లేదే!” అంది.

“లేదమ్మా. ఉండాలి. ఉండేట్టు చూడాల్సింది నేను. పెద్దవాళ్లు పెట్టిన పద్ధతి తప్పించి ఆ పేజీ నా ఇష్టం వచ్చినట్టు చేశాను. మూడు నెలలు ఆ సంగతి దాచాను. తప్పు ల్యాబుది కాదు, మీది అసలే కాదు. నాది.”

నాగరత్నం గారు గట్టు మీద కూలబడింది. “నా పొట్ట మీద కొట్టావు కదయ్యా” అంది. “రెండు పంటలు పోయాయి. ఇదీ పోతే రేపట్నించి ఈ గట్టు మీద నిలబడే హక్కు కూడా నాకు ఉండదు. తెలుసా నీకు?”

“తెలియదమ్మా” అన్నాడు. తలెత్తలేదు. నాకు ఏడుపు ఆగలేదు.

ఎక్కువసేపు కూర్చునే మనిషి కాదు ఆవిడ. కొంగు బిగించి లేచింది. “ఏడుపులు తర్వాత. ఏం చెయ్యాలో చెప్పండి. చేతులు విరిగినా సరే, ఈ చెరువుని నేను వదలను” అంది.

డాక్టరు గారికి ఫోన్ చేశాం. మేత ఆపమన్నారు. ఉన్న ఏరేటర్లన్నీ వెయ్యమన్నారు. పక్కనున్న మంచినీటి గుంట నుంచి కొత్త నీళ్లు పెట్టమన్నారు. సున్నం పడ్డ దక్షిణం మూల, ఆ ఘాటు విరగడానికి బెల్లం నీళ్లు చల్లమన్నారు. ఒక్కొక్కటీ చేశాం. నీళ్లు తోడే ఇంజిను పైపులు హేమసుందరే మోశాడు. ఊళ్లోకి మూడుసార్లు వెళ్లి బెల్లం బుట్టలు తెచ్చాడు. కీబోర్డు తప్ప ఇంకోటి పట్టి ఎరగని చేతులు బొబ్బలెక్కిపోయాయి. “కాసేపు కూర్చోరా” అన్నాను. “కూర్చోను అక్కా” అన్నాడు. పొద్దు వాలేదాకా కూర్చోలేదు.

సాయంత్రం దక్షిణం మూల రొయ్యలు చచ్చి తేలాయి. వలతో ఎత్తితే రెండు తొట్లు నిండాయి. ఆ తొట్ల వంక ఆవిడ చూసిన చూపు నేను మర్చిపోలేను. తర్వాత ఉత్తరం వైపు మేత పళ్లెం పైకి లాగింది. పళ్లెంలో రొయ్యలు టపటపా ఎగిరాయి. మూడు వైపులా అలాగే ఉన్నాయి. నాగరత్నం గారు ఆ పళ్లెం గుండెలకి ఆనించుకుని బావురుమంది.

మర్నాడు సుభాషిణి గారు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నారు. అరగంట సేపు కడిగేశారు. హేమసుందర్ నిలబడి అన్నీ విన్నాడు. అయ్యాక, “మేడమ్, రైతుల రిపోర్టులు కావు గానీ, ఇలాంటి పేజీలు ఇంకా రెండున్నాయండి. అవి కూడా నేనే చేశాను” అన్నాడు.

ఆవిడ తల పట్టుకున్నారు. “ఓరి నాయనో! ఇంకేమైనా దాచావా?”

“లేదండి. ఇంకేమీ లేవు. మూడూ నేనే తీసి ప్లగిన్‌లో పెడతాను. మీరు చూసి ఊ అనేదాకా ఇంకో పని ముట్టుకోను.”

నాలుగు రోజులు పట్టింది. ఈసారి తొందరపడలేదు. ఒక్కో అచ్చునీ ప్లగిన్‌లో నమోదు చేశాడు, ఒక్కోదాన్నీ సుభాషిణి గారికి చూపించాడు. అంతటితో ఆగలేదు. ప్లగిన్ జాబితాలో లేని పేజీ ఒక్కటి కనబడినా సర్వర్ మొదలవకుండా మొరాయించేట్టు కట్టుదిట్టం చేశాడు. “రేపు నాకే మళ్లీ బుద్ధి గడ్డి తిన్నా, ఇది నన్ను పోనివ్వదు” అన్నాడు నాతో.

నలభై రోజులకి నాగరత్నం గారి చెరువులో రొయ్యలన్నీ వలేసి పట్టారు. అనుకున్నంత రాలేదు. రెండు తొట్ల లోటు లోటే. కానీ పంట చేతికొచ్చింది, చెరువు ఆవిడ చేతిలోనే ఉండిపోయింది. కొత్త పంటకి నీళ్ల సీసా తీసుకుని ఆవిడ ల్యాబ్‌కి వచ్చింది. హేమసుందర్ లోపల్నించి వచ్చి, దోషిలా దూరంగా నిలబడ్డాడు.

“ఇలా రావయ్యా” అంది ఆవిడ. “నీ మీద కోపం పోలేదు, పోయిందని అబద్ధం చెప్పను. కానీ ఒక మాట. ముందు రెండు పంటలూ పోయినప్పుడు నా చేతి దోషమే అనుకున్నాను. ఊళ్లో వాళ్లూ అదే అన్నారు. ఆ రోజు నువ్వు నోరు విప్పకపోయి ఉంటే చెరువంతా పోయేది. పోయినదానికి మళ్లీ నన్ను నేనే తిట్టుకుంటూ బతికేదాన్ని. నీ తప్పని నాకు ఎలా తెలుస్తుంది, చెప్పు?”

హేమసుందర్ కళ్లు తుడుచుకుని, ఆవిడ చేతిలో సీసా తీసుకుని పరీక్ష గదిలోకి వెళ్లాడు.

నీతి: నలుగురి మేలు కోసం పెట్టిన దారిని మన తొందర కోసం తప్పించకూడదు, తప్పించామా, ఆ సంగతి ఒక్క పూట కూడా దాచకూడదు, ఎందుకంటే మనం దాచిన తప్పుకి శిక్ష పడేది ఆ తప్పేమిటో కూడా తెలియనివాళ్లకే.